కనబడని ధూళి – మన వాస్తవికత

అణుబాంబు తెలుగు కవిత్వంలోకి వచ్చి చాలా కాలమైంది. 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం తొలి యౌవనమూ, ప్రపంచ శాంతి ఉద్యమం ఉద్ధృతంగా సాగిన రోజులూ దాదాపు ఒకటే. 1950లో అణ్వాయుధాలను నిషేధించాలంటూ స్టాక్‌హోం విజ్ఞప్తి వెలువడిన తరువాత శాంతి అనేది మన అభ్యుదయ కవిత్వానికి ఒక ప్రధాన వస్తువయింది. హిరోషిమా అన్న పేరు తెలుగు పాఠకుడి నాలుకమీద నిలవడానికి ఆ కవిత్వమే కారణం. దాని చారిత్రక పాత్రను తక్కువ చేయవలసిన పని లేదు.

ఐతే ఆ కవిత్వంలో బాంబు పేలుతుంది, నగరం కాలిపోతుంది, శాంతి కపోతం ఎగురుతుంది. అంతటితో కవిత ముగుస్తుంది. పేలుడు తరువాత పదేళ్ళకు ఒక పిల్ల రక్తంలో ఏం జరిగిందో, ఆకాశంలోకి లేచిన దుమ్ము ఎవరి చేలో పడిందో, ఆ చేని గడ్డి మేసిన ఆవు పాలు ఎవరు తాగారో మన సాహిత్యం పెద్దగా పట్టించుకోలేదు. బాంబు మన సాహిత్య వస్తువయింది గాని అణుధూళి కాలేదు. ఈ లోటు వస్తువుకు సంబంధించినది మాత్రమే కాదనీ, మనం వాస్తవికతను అర్థం చేసుకున్న తీరులోనే దీనికి మూలం ఉన్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదన. రాయలసీమలో కూర్చుని రాసేవాళ్ళకు ఇది దూరదేశపు చర్చ కాదు. కడప జిల్లాలో యురేనియం గని తవ్వుతున్నారు.

ముందుగా మన భాష సంగతి చూద్దాం. తెలుగులో అణుబాంబు భయవాచకంగా కంటే బలవాచకంగా ఎక్కువగా వాడుకలో ఉంది. ఆవేశంగా రాసే కవి తన అక్షరాన్ని అణుబాంబుతో పోలుస్తాడు. సభలో నాయకుడు ఏదైనా రహస్యం బయటపెడితే ‘బాంబు పేల్చాడ’ని పత్రిక రాస్తుంది. దీపావళికి పిల్లలు కాల్చే పెద్ద టపాకాయ పేరు ఆటంబాంబు. సామ్రాజ్యవాద యుద్ధాన్ని ఖండించే కవి తన శక్తిని చాటుకోవడానికి ఆ యుద్ధపు ఆయుధాన్నే ఉపమానంగా తెచ్చుకోవడం ఒక వైరుధ్యం. ఆ ఉపమానంలో పేల్చేవాడి దృష్టి ఉంది, కింద ఉన్నవాడి దృష్టి లేదు. ఉపమానాన్ని ఎన్నుకోవడం కూడా ఒక పక్షాన్ని ఎన్నుకోవడమే.

శాస్త్ర పరిభాష మనకు మరో ఇబ్బంది తెచ్చిపెట్టింది. రేడియోధార్మికత అనే మాటను ‘ధర్మం’ అంటే గుణం అన్న అర్థంలో కూర్చారు. పల్లెలో ఆ మాట విన్న మనిషికి తోచేది మాత్రం దానధర్మాల ధర్మమే. ఇన్నేళ్ళలో ఆ మాటకు జనం నోట నలిగే మరో మాటను కథకుడుగాని, పాటకుడుగాని, విలేఖరిగాని ఇవ్వలేకపోయాడు. పేరు కుదరని భయాన్ని ఊరు రచ్చబండ మీద చర్చించుకోలేదు. ఇది కూడా సాహిత్య సమస్యే.

ఇంతకీ అణుధూళి అంటే ఏమిటి? బాంబు నేలకు దగ్గరగా పేలినప్పుడు అగ్నిగోళం మట్టినీ రాతినీ ఆవిరి చేసి తనతో పైకి లాక్కుపోతుంది. అణువులు చీలగా పుట్టిన కొత్త పదార్థాలు ఆ మట్టి రేణువులకు అంటుకుంటాయి. బరువైన రేణువులు కొద్ది గంటల్లో దగ్గర్లోనే రాలతాయి. తేలికైనవి గాలితో పోయి వానతో దిగుతాయి. మరీ పైకి చేరినవి నెలల తరబడి, ఏళ్ళ తరబడి భూమి చుట్టూ తిరిగి ఎక్కడో పడతాయి. వాటిలో అయోడిన్-131 సగం తగ్గడానికి ఎనిమిది రోజులు చాలు. ఆ కొద్ది రోజుల్లోనే అది గడ్డి మీదుగా, పాల మీదుగా పసిపిల్లల గొంతులోని థైరాయిడ్ గ్రంథికి చేరుతుంది. సీజియం-137కు దాదాపు ముప్పై ఏళ్ళు కావాలి. పొటాషియం వెళ్ళే దారినే వెళ్ళి అది కండరాల్లో కలుస్తుంది. స్ట్రాన్షియం-90కి సుమారు ఇరవై తొమ్మిదేళ్ళు. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకలో దాచుకుంటుంది.

1954 మార్చి 1న బికినీ దీవిలో అమెరికా 15 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబును పేల్చింది. అక్కడికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, అంటే తిరుపతికీ చెన్నైకీ మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ దూరంలో, ఒక జపాను చేపల పడవ ఉంది. ప్రమాద ప్రాంతమని గీసిన గీతకు అది అవతలే ఉంది. ఐనా దానిమీద గంటల తరబడి తెల్లని బూడిద కురిసింది. పడవలోని 23 మందీ జబ్బుపడ్డారు. రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబరు 23న మరణించాడు. రొంగెలాప్ దీవిలో పిల్లలు ఆ బూడిదతో ఆడుకున్నారు. రెండు రోజుల తరువాత గాని వాళ్ళను అక్కడినుంచి తరలించలేదు. 1957లో ఇక భయం లేదని తిరిగి పంపారు. వాళ్ళు నమ్మి వెళ్ళారు. 1985లో తమ దీవిని తామే వదిలి వెళ్ళిపోయారు.

ఆ పేలుడు జరిగిన నెలకు, ఏప్రిల్ 2న, పరీక్షలు నిలిపివేయాలని నెహ్రూ పార్లమెంటులో కోరాడు. 1956లో డి.ఎస్. కొఠారి నేతృత్వంలో శాస్త్రవేత్తలు అణు విస్ఫోటనాల పర్యవసానాలమీద తయారుచేసిన పుస్తకాన్ని భారత ప్రభుత్వమే నెహ్రూ ముందుమాటతో ప్రచురించింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1958 నుంచి తల్లులు తమ పిల్లల ఊడిన పాలపళ్ళను శాస్త్రవేత్తలకు పంపారు. అలా పోగైన పళ్ళు మూడు లక్షల పైచిలుకు. వాటిలో స్ట్రాన్షియం పెరుగుతున్నదని తేలింది. 1963లో వాతావరణంలో పరీక్షలను నిషేధించిన మాస్కో ఒప్పందం వెనుక ఆ పళ్ళ సాక్ష్యం కూడా ఉంది. ఊడిన పన్నును దాచి, పొట్లం కట్టి, పేరూ తేదీ రాసి పంపిన తల్లి చేసిన పని నినాదం కంటే ఎక్కువ దూరం పోయింది. సాహిత్యకారుడు ఆలోచించవలసిన సంగతి ఇది.

ఇక మన వాస్తవికత విషయానికి వద్దాం. రాయలసీమ సాహిత్యం ప్రధానంగా కరువు సాహిత్యం. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో ఎండిన పెన్నను మన కళ్ళముందు పెట్టాడు. మధురాంతకం రాజారాం చిత్తూరు జిల్లా పల్లెల్లోని చిన్న రైతుల, బడిపంతుళ్ళ బతుకును కథ చేశాడు. కేతు విశ్వనాథరెడ్డి కడప పల్లెల్లో భూమి, కక్ష, అధికారం ఎలా పెనవేసుకున్నాయో చూపించాడు. ఈ సంప్రదాయం బలమంతా కంటికి కనబడేదాన్ని నిజాయితీగా చూపడంలో ఉంది. బావి అడుగంటింది, ఎద్దు డొక్క ఎండింది, వడ్డీవ్యాపారి గుమ్మంలో నిలబడ్డాడు. పాఠకుడు చూశాడు, నమ్మాడు. శత్రువుకు ముఖం ఉంది, బాధకు రూపం ఉంది.

అణుధూళికి ముఖమూ లేదు, రూపమూ లేదు. మా నగరినే తీసుకోండి. నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు చుట్టుపక్కల మరమగ్గాలున్నాయి. నూలుకు రంగులద్దిన నీళ్ళు కుశస్థలి నదిని పాడుచేస్తున్నాయని గట్టుకు ఈవలా ఆవలా రైతులు ఎన్నాళ్ళుగానో మొరపెట్టుకుంటున్నారు. అది చిన్న సమస్య కాదు. కాని ఆ నీళ్ళలో ఒక విధమైన నిజాయితీ ఉంది. ఎర్రగానో నీలంగానో పారి తమ నేరాన్ని తామే చెప్పుకుంటాయి. చదువురాని ముసలమ్మ కూడా అధికారికి వేలెత్తి చూపించగలదు. యురేనియం కలిసిన నీళ్ళకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అక్కడ ముసలమ్మ వేలు చాలదు, యంత్రం కావాలి. యంత్రం ఎవరి చేతిలో ఉంటే నిజం వాళ్ళ చేతిలో ఉంటుంది. ఉత్పత్తి సాధనాలు ఎవరివని అడగడం నేర్చిన మనం, కొలిచే సాధనాలు ఎవరివని అడగడం ఇంకా నేర్చుకోవాలి.

కనబడనిదాన్ని వాస్తవికంగా రాయడం సాధ్యమా? సాధ్యమేనని జపాను రచయిత మసుజి ఇబుసె 1965–66లో రాసిన ‘నల్లవాన’ నవల నిరూపించింది. కథ చాలా మామూలుగా మొదలవుతుంది. యుద్ధం ముగిసి అయిదేళ్ళు కావస్తున్నది. ఒక పల్లెలో మేనమామ తన మేనకోడలికి పెళ్ళి చేయలేకపోతున్నాడు. ఆమె హిరోషిమాలో బాంబుకు గురయిందని పుకారు. ఆ రోజు ఆమె నగరంలో లేదని నిరూపించడానికి అతను ఆమె దినచర్యనూ తన దినచర్యనూ తిరగరాస్తాడు. రాయగా రాయగా బయటపడేదేమిటంటే, ఆమె పేలుడుకు గురికాలేదు గాని తరువాత కురిసిన నల్లవానలో తడిసింది. చివరకు జబ్బు పైకి వస్తుంది.

ఈ నవలలో ఆర్భాటం లేదు. ఏ వీధిలో నడిచారు, ఏ వంతెన దాటారు, ఏం తిన్నారు అన్న వివరాలే కథనాన్ని నడుపుతాయి. మేనమామ భార్య యుద్ధకాలపు తిండిని గూర్చి ప్రత్యేకంగా ఒక వృత్తాంతం రాస్తుంది. బరువు పనులు చేయలేని రోగులు చెరువులో చేపలు పెంచుతారు. ఊరివాళ్ళ కంటికి వాళ్ళు సోమరులు. అణుధూళి ఇక్కడ ఎక్కడా ప్రత్యక్షంగా కనబడదు. పెళ్ళిచూపుల్లో, ఊరి గుసగుసల్లో, చేయలేని పనిలో, పళ్ళెంలోని తిండిలో దాని జాడ కనబడుతుంది. పెళ్ళి, తిండి, కూలి, పరువు అనేవి మన కథకులకు కొట్టిన పిండి. కాబట్టి పనిముట్లు మన దగ్గర లేవని చెప్పడానికి వీల్లేదు.

ఆ నవల లేవనెత్తిన వివాదం నవలతో ముగియలేదు. భారీగా నల్లవాన కురిసిన ప్రాంతం పొడవు 19, వెడల్పు 11 కిలోమీటర్లని గీసి, ఆ గీత లోపలివాళ్ళకే ప్రభుత్వం సహాయం చేసింది. గీత అవతలి పల్లెలవాళ్ళు తామూ తడిశామని ఏళ్ళ తరబడి పోరాడారు. 2021 జూలైలో హిరోషిమా హైకోర్టు 84 మందిని బాధితులుగా గుర్తించింది. ప్రభుత్వం పైకోర్టుకు పోలేదు. వాన కురిసిన డెబ్బై ఆరేళ్ళకు ఎవరు తడిశారో తేలింది. ఆ ముసలివాళ్ళ జ్ఞాపకమే అక్కడ సాక్ష్యమయింది.

ఇప్పుడు మన నేలకు వద్దాం. అణుధూళి పైనుంచి పడుతుంది, గని వ్యర్థం కిందినుంచి వస్తుంది. దారులు వేరైనా రెండూ కంటికి కనబడకుండానే మట్టిలో, నీటిలో, శరీరంలో చేరతాయి. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ గనికి, శుద్ధి కర్మాగారానికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2012లో కర్మాగారం పని మొదలుపెట్టింది. రోజుకు 3,000 టన్నుల రాతిని శుద్ధి చేసే సామర్థ్యంతో దాన్ని కట్టారు. అక్కడి వంద కిలోల రాతిలో యురేనియం యాభై గ్రాములకు లోపే. తక్కిన రాయి మొత్తం పిండి అయి బురదగా వ్యర్థాల చెరువుకు పోతుంది. యురేనియం తీసేసినా రాతిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే మిగిలిపోతుంది. అందులోని రేడియం సగం కావడానికి 1,600 ఏళ్ళు, థోరియం-230 సగం కావడానికి 75,000 ఏళ్ళు పడతాయి. మన రాజ్యాలకూ, మన కావ్యాలకూ అంత వయసు లేదు.

ఆ చెరువు పక్కనున్న కొట్టాల రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయనీ, అరటి తోటలు ఎండుతున్నాయనీ, ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయనీ చెప్పారు. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయవలసిన పొరను నిబంధనల ప్రకారం వేయలేదని విశ్రాంత శాస్త్రవేత్త కె. బాబూరావు ప్రశ్నించారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. సంస్థ ఈ ఆరోపణలను ఒప్పుకోలేదు. ఆ రాళ్ళలోనే యురేనియం ఉంది కాబట్టి భూగర్భజలంలో అది సహజంగానే ఉంటుందని వాదించింది. ఆ వాదనను కొట్టిపారేయడం తేలిక, నిలబెట్టడమూ తేలిక. తేల్చడానికి మాత్రం గని తవ్వకముందు ఏ బావిలో ఎంత ఉండేదో, తరువాత ఎంత అయిందో ఊరివాళ్ళ చేతికి లెక్క రావాలి. 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షను ఈ రంగంలో సమాచారాన్ని గోప్యంగా ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. ఆ నీడలోనే మన అణు పరిశ్రమ పెరిగింది.

లెక్క వచ్చినంత మాత్రాన చర్చ ముగియదు. తాగే నీరు లీటరులో యురేనియం 30 మైక్రోగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది. మన అణుశక్తి నియంత్రణ మండలి అంతకుముందే 60 వరకు ఫరవాలేదని నిర్ణయించింది. లీటరుకు 45 ఉన్న బావి సంగతేమిటి? ఒక కాగితం ప్రకారం అది మంచినీళ్ళ బావి, ఇంకొక కాగితం ప్రకారం కాదు. నీళ్ళు చేదే ఇల్లాలికి ఈ రెండు కాగితాలూ తెలియవు. రెండు అంకెల నడుమ నిలబడిన ఆ ఇల్లాలు ఒక గొప్ప కథకు పాత్ర. ఆమెను మన కథకుడు ఇంకా నిండుగా కలుసుకోలేదు. నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రయత్నాలకు వ్యతిరేకంగా 2019లో కవులు కదిలారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అది హర్షించదగిన సంగతి. ఐతే అక్కడ కాపాడవలసింది పచ్చని అడవి, కంటికి ఇంపుగా కనబడేది. తుమ్మలపల్లె బురదచెరువుకు ఆ ఆకర్షణ లేదు. అందమైనదానికి ఆపద వస్తే కవిత్వం పొంగుతుంది. అందంలేని చోట ఆపద వచ్చినప్పుడే వాస్తవికతకు అసలు పరీక్ష.

ఇక్కడ రెండు ఆక్షేపణలు రావడం సహజం. దేశానికి విద్యుత్తు వద్దా అన్నది మొదటిది. మరమగ్గాల ఊళ్ళో ఉన్నవాళ్ళకు కరెంటు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. కరెంటు పోయిన రోజు నేతగాడికి కూలి లేదు. ఐనా విద్యుత్తు కావాలనడం వేరు, దాని ఖర్చు ఎవరి బావి భరిస్తున్నదో అడగవద్దనడం వేరు. మొదటిది అవసరం, రెండవది పాలకవర్గం తర్కం.

రెండవ ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. ప్రతి దగ్గునూ ప్రతి దద్దురునూ యురేనియం ఖాతాలో వేసి రచయితలు జనాన్ని బెదరగొట్టరా? ఈ ప్రమాదం నిజమైనది. చెర్నోబిల్‌లో 1986 ఏప్రిల్ 26 నాటి ప్రమాదం తరువాత పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్ పెరగడం శాస్త్రం స్థిరపరచిన సత్యం. తక్కిన అనేక జబ్బులమీద నేటికీ వాదాలున్నాయి. తేలినదాన్నీ తేలనిదాన్నీ ఒకే గంపలో పోసిన రచయిత, తేలినదాన్ని కూడా కొట్టిపారేసే అవకాశం ఎదుటివాడికి ఇస్తాడు. ఇంకొక కీడూ ఉంది. ఒక ఊరిని ‘విషపు ఊరు’ అని నాలుగు కవితలు రాస్తే, మరుసటి సంవత్సరం ఆ ఊరి పిల్లకు సంబంధం రాదు, ఆ ఊరి అరటిగెలకు ధర రాదు. ‘నల్లవాన’లో మేనకోడలి బతుకును జబ్బుకంటే ముందు పుకారు కమ్మేసింది. బాధితుల పక్షాన నిలబడ్డామనుకుంటూ వాళ్ళ నెత్తిన మరో బండ పెట్టే హక్కు మనకు లేదు. కనుక ఈ వస్తువు విషయంలో ఖచ్చితత్వం శిల్పానికి సంబంధించిన గుణం మాత్రమే కాదు, రచయిత నిబద్ధతలో భాగం. అతిశయోక్తి ఇక్కడ అలంకారం కాదు, అపకారం.

మనవైపు కూడా ఒకసారి చూసుకోవాలి. శాంతి కవిత్వం అమెరికా బాంబును ఖండించినంత గట్టిగా అవతలి బాంబును ఖండించలేదు. సోవియట్ యూనియన్ 1949 నుంచి 1989 దాకా కజకిస్తాన్‌లోని సెమీపలాటిన్స్క్ మైదానంలో 456 అణు పరీక్షలు జరిపింది. ఆ స్తెప్పీల మీద గొర్రెలు కాచుకునేవాళ్ళమీద పడిన ధూళికి జెండా రంగు తెలియదు. ప్రజలకు జరిగిన హానిని చేసినవాడి జెండానుబట్టి తూచడం ప్రజాపక్షం అనిపించుకోదు.

ఆ మౌనాన్ని ఛేదించినవాడు కూడా ఒక కవే. కజక్ కవి ఒల్జాస్ సులేమేనొవ్ 1989 ఫిబ్రవరిలో కవితలు చదవడానికి టెలివిజన్‌కు వెళ్ళి, కవితలు పక్కనపెట్టి, భూగర్భ పరీక్షల్లో రేడియోధార్మిక వాయువులు బయటికి వచ్చాయని దేశానికి చెప్పాడు. ఆ పిలుపు విని జనం మరునాడు చేరుకున్నది ఆల్మా ఆటాలోని రచయితల సంఘం భవనానికి. అక్కడ పుట్టిన నెవాడా–సెమీపలాటిన్స్క్ ఉద్యమం రెండున్నరేళ్ళు సాగింది. 1991 ఆగస్టు 29న, మొదటి పరీక్ష జరిగిన సరిగ్గా 42 ఏళ్ళకు, ఆ మైదానాన్ని మూసివేశారు. రచయితల సంఘాలు ఎందుకని అడిగేవాళ్ళకు చరిత్రలో ఇలాంటి జవాబులున్నాయి.

మన పని కూడా ఇక్కడే మొదలవుతుంది. తుమ్మలపల్లెకు, కొట్టాలకు మన కథకులు వెళ్ళాలి. ఒక పూట పర్యటన చాలదు, ఒక వ్యవసాయ సంవత్సరం కావాలి. ఏ బోరు ఏ ఏడు వేశారో, నీళ్ళ రుచి ఎప్పుడు మారిందనిపించిందో, ఏ మడిలో అరటి ఎండిందో, ఏ సంబంధం ఎందుకు తప్పిపోయిందో తేదీలతో రాసుకోవాలి. చెర్నోబిల్ బాధితుల గొంతులను ఏళ్ళ తరబడి పోగుచేసి స్వెత్లానా అలెక్సియేవిచ్ 1997లో పుస్తకంగా తెచ్చింది. అలాంటి సేకరణకు మనకు నోబెల్ బహుమతులు అక్కరలేదు, నోటుపుస్తకాలు చాలు. శాస్త్రవేత్తను అడిగి అంకె అర్థం చేసుకోవాలి. రైతును అడిగి ఆ అంకెకు తెలుగు మాట కనుక్కోవాలి. ఈ రెండు పనులూ జరిగిన తరువాతనే కథ రాయాలి.

కరువును చూసి రాయడం మన పెద్దలు నేర్పారు. నీళ్ళున్నా తాగడానికి భయపడే కాలాన్ని రాయడం మనం నేర్చుకోవాలి. మనం రాయకపోతే ఆ కాలం చరిత్ర సంస్థ రిజిస్టర్లలో మాత్రమే ఉంటుంది. రేపు ఏ కోర్టులోనైనా కొట్టాల మనిషి నిలబడినప్పుడు, అతని జ్ఞాపకానికి తోడుగా ఒక తెలుగు పుస్తకం ఉండాలి.